ఈ ప్రాణం దక్కేదా? – ప్రమాద మరణాల సమీక్ష ఎందుకు, ఎలా?

"డాక్టరు గారూ, ఇంకో గంట ముందు తీసుకొస్తే మా అబ్బాయి దక్కేవాడా?"

రోడ్డు ప్రమాదంలో మనిషిని పోగొట్టుకున్న కుటుంబాలలో ఈ ప్రశ్న అడగని వారు అరుదు. కొందరు ఆసుపత్రి వరండాలోనే అడుగుతారు. కొందరు పైకి అడగలేక ఏళ్ళ తరబడి మనసులో పెట్టుకుని కుమిలిపోతారు. వైద్యులు చాలాసార్లు "మా శాయశక్తులా ప్రయత్నించాం" అని చెప్పి ఊరుకుంటారు. ఆ మాట అబద్ధం కాదు. కానీ అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు.

ఈ ప్రశ్నకు జవాబు వెదకడానికి వైద్యరంగంలో ఒక పద్ధతి ఉంది. ప్రమాద గాయాలతో చనిపోయిన ప్రతి ఒక్కరి చికిత్సనూ మొదటి నుండి చివరి వరకు పరిశీలించి, "ఈ మరణాన్ని తప్పించగలిగి ఉండేవాళ్ళమా?" అని వైద్య బృందం తనను తాను ప్రశ్నించుకోవడమే ఆ పద్ధతి. దీనిని తప్పించదగిన మరణాల సమీక్ష అంటారు. పోయిన వారిని ఇది తిరిగి తేలేదు. కానీ అదే దారిలో రేపు వచ్చే మరొకరిని బతికించగలదు. ఈ సమీక్ష ఎలా జరుగుతుందో, అందులో మనకేమి పాత్ర ఉందో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

మన దేశంలో పరిస్థితి

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. అంటే సగటున రోజుకు 460 మందికి పైగా. వీరిలో చాలామంది ఇంటికి ఆధారమైన వయసువారు.

ప్రమాదాలు జరగకుండా చూడడం మొదటి పని. హెల్మెట్, సీటు బెల్టు, మద్యం తాగి బండి నడపకపోవడం గురించి మనం తరచుగా వింటూనే ఉంటాం. అయితే గాయపడిన మనిషి ఆసుపత్రికి ప్రాణంతో చేరిన తరువాత కూడా చనిపోతే, ఆ మరణాలలో ఎన్నిటిని ఆపగలం? ఇది వేరే ప్రశ్న.

మన దేశంలోని 5 నగర బోధనాసుపత్రులలో 18 నెలల పాటు చేరిన గాయాల రోగుల వివరాలతో జరిగిన ఒక అధ్యయనం 2017లో వెలువడింది. ఆ కాలంలో 11,671 మంది చేరగా, 30 రోజుల లోపు 2,523 మంది చనిపోయారు. పూర్తి వివరాలు దొరికిన 2,057 మరణాలను వైద్యులు ఒక్కొక్కటిగా పరిశీలించారు. వాటిలో 58 శాతం తప్పించదగినవేనని తేల్చారు. ఎక్కువగా కనిపించిన లోపాలు రెండు. మొదటిది ఊపిరి దారిని సరిగా కాపాడకపోవడం. రెండవది రక్తస్రావాన్ని సమయానికి ఆపి, పోయిన రక్తాన్ని భర్తీ చేయకపోవడం. వీటితోపాటు ఆసుపత్రికి చేర్చడంలో ఆలస్యం, స్కానింగులో ఆలస్యం, రాతపూర్వకమైన పద్ధతులు లేకపోవడం కూడా బయటపడ్డాయి.

ఇవేవీ కోట్ల రూపాయల యంత్రాలు లేక జరిగిన లోపాలు కావని గమనించండి. చాలావరకు ఇవి సమయానికి, వరుస క్రమానికి సంబంధించినవి.

ఇతర దేశాలు ఎలా నేర్చుకున్నాయి?

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో రెండు జిల్లాలను పోల్చి ముగ్గురు వైద్యులు 1979లో ఒక పరిశీలన ప్రచురించారు. శాన్ ఫ్రాన్సిస్కోలో వాహన ప్రమాద బాధితులందరినీ గాయాల చికిత్సకు సిద్ధంగా ఉండే ఒకే ఆసుపత్రికి తెచ్చేవారు. ఆరెంజ్ కౌంటీలో మాత్రం ఎవరికి ఏది దగ్గరైతే అక్కడికి, మొత్తం 39 ఆసుపత్రులకు తీసుకెళ్ళేవారు. దగ్గరి ఆసుపత్రికి చేర్చడమే మేలని మనకూ అనిపిస్తుంది కదా? ఫలితం వేరుగా వచ్చింది. ఆరెంజ్ కౌంటీలో ఆసుపత్రికి చేరాక చనిపోయిన 90 మంది వివరాలు చూస్తే, తలకు దెబ్బ కాకుండా ఇతర గాయాలతో పోయినవారిలో సుమారు మూడింట రెండు వంతుల మందిని బతికించగలిగి ఉండేవారని తేలింది. శాన్ ఫ్రాన్సిస్కోలోని 92 మరణాలలో అటువంటిది ఒక్కటే. పైగా ఆరెంజ్ కౌంటీలో పోయినవారు సగటున వయసులో చిన్నవారు, వారి గాయాలు కూడా అంత తీవ్రమైనవి కావు.

ఆ నిజాన్ని దాచిపెట్టలేదు. 1980లో ఆరెంజ్ కౌంటీలో కొన్ని ఆసుపత్రులను గాయాల కేంద్రాలుగా ఎంపిక చేసి, తీవ్రంగా గాయపడినవారిని నేరుగా అక్కడికే పంపడం మొదలుపెట్టారు. ఆ తరువాత మళ్ళీ లెక్క చూస్తే తప్పించదగిన మరణాలు బాగా తగ్గాయి.

బ్రిటన్‌లో 1988లో ఇటువంటిదే మరొక పరిశీలన వచ్చింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో గాయాలతో చనిపోయిన 1,000 మంది వివరాలు తీసుకున్నారు. వారిలో 514 మంది ఆసుపత్రికి ప్రాణంతో చేరినవారే. నలుగురు పరిశీలకులు విడివిడిగా చూశారు. వారిలో 102 మంది మరణాలను తప్పించగలిగి ఉండేవారని నలుగురూ ఒకే మాట చెప్పారు. అక్కడ మార్పు త్వరగా రాలేదు. లండన్‌లో 2010లో, మిగతా ఇంగ్లండ్‌లో 2012లో గాయాల చికిత్సకు ప్రాంతాల వారీ వ్యవస్థ ఏర్పడింది. ఒక నిజం తెలియడానికీ, దానిని పనిలో పెట్టడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో ఇది చెబుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో గాయాల చికిత్సలో నాణ్యత పెంచడానికి మార్గదర్శకాలు విడుదల చేసింది. చిన్న ఆసుపత్రులు కూడా మరణాల సమీక్షను మొదలుపెట్టవచ్చునని అందులో ఉంది. దానికి కావలసినవి సక్రమమైన రికార్డులు, క్రమం తప్పని సమావేశం, నిజం చెప్పుకునే మనసు.

సమీక్ష ఎలా జరుగుతుంది? ఒక ఉదాహరణ

సులువుగా అర్థం కావడానికి ఒక ఊహాజనితమైన సంఘటన తీసుకుందాం. ఇది ఫలానావారిది అని కాదు. కానీ ఇటువంటివి మన చుట్టూ జరుగుతూనే ఉన్నాయి.

26 ఏళ్ళ యువకుడు పొలం పనులు ముగించుకుని మోటారు సైకిలుపై ఇంటికి వస్తున్నాడు. చీకట్లో లైట్లు లేకుండా ఆగి ఉన్న ట్రాక్టరు ట్రాలీని గుద్దాడు. ఎడమవైపు పక్కటెముకలకు దెబ్బ తగిలింది, ఎడమ తొడ ఎముక విరిగింది. తలకు దెబ్బ లేదు, మాట్లాడుతున్నాడు.

రాత్రి 7.10 – ప్రమాదం.
7.35 – ఆటోలో దగ్గరలోని చిన్న నర్సింగ్ హోముకు చేర్చారు. నాడి నిమిషానికి 120, బి.పి. 100. కాలికి కట్టు కట్టి సెలైన్ పెట్టారు.
8.40 – బి.పి. తగ్గుతుండడంతో "పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి" అన్నారు. ఉత్తరం రాయలేదు, ముందుగా ఫోన్ చేయలేదు.
9.50 – పెద్దాసుపత్రి క్యాజువాలిటీ. బి.పి. 80. ఎక్స్-రేకి, తరువాత సి.టి. స్కానుకి పంపారు.
10.45 – స్కానులో ప్లీహం చిట్లినట్లు, కడుపు నిండా రక్తం ఉన్నట్లు తెలిసింది. రక్తం కోసం బంధువులను బయటికి పంపారు.
11.30 – రక్తం వచ్చింది.
12.05 – ఆపరేషన్ థియేటరు. కడుపు తెరిచిన కొద్దిసేపటికే గుండె ఆగింది.

సమీక్ష సమావేశంలో సర్జన్, ఎముకల డాక్టరు, మత్తు డాక్టరు, క్యాజువాలిటీ డ్యూటీ డాక్టరు, నర్సులు, బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్, వీలైతే అంబులెన్స్ సిబ్బంది కూర్చుంటారు. కేసు షీటు ముందు పెట్టుకుని నిమిషాల వారీగా చదువుతారు. రోగి పేరు, చికిత్స చేసినవారి పేర్లు పలకరు. మూడు ప్రశ్నలు వేసుకుంటారు.

మొదటి ప్రశ్న: ఈ గాయాలతో మనిషి బతకగలడా? గాయాల తీవ్రతను కొలవడానికి ఒక లెక్క ఉంది. శరీర భాగాల వారీగా దెబ్బలకు మార్కులు వేసి కలుపుతారు. గరిష్ఠం 75. మార్కులు పెరిగేకొద్దీ బతికే అవకాశం తగ్గుతుంది. మన ఉదాహరణలోని గాయాలు ప్రమాదకరమైనవే కానీ, సమయానికి ఆపరేషన్ జరిగితే బతకగలిగినవి. ప్లీహం తీసేసినా మనిషి జీవించగలడు.

రెండవ ప్రశ్న: ఏ దశలో ఏమి జరగవలసింది, ఏమి జరిగింది? 7.35కే నాడి 120 ఉంది. పెద్దవారి శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో 15 నుండి 30 శాతం పోయేవరకు నాడి వేగం పెరుగుతుందే కానీ, బి.పి. దాదాపు నిలబడే ఉంటుంది. ముఖ్యంగా యువకులలో. 30 శాతం దాటాకే బి.పి. పడిపోతుంది. కాబట్టి "బి.పి. ఫరవాలేదు" అన్న మాట అక్కడ మోసం చేసింది. తొడ ఎముక విరిగితే బయటికి ఒక్క చుక్క కనిపించకుండానే లీటరున్నర వరకు రక్తం కండరాలలోకి పోవచ్చు. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెగ్జమిక్ ఆసిడ్ ఇంజెక్షన్ గాయమైన 3 గంటల లోపు, ఎంత త్వరగా ఇస్తే అంత మేలు చేస్తుందని 40 దేశాలలో 20,000 మందికి పైగా రోగులపై జరిగి 2010లో వెలువడిన పరీక్ష తేల్చింది. అది చిన్న ఆసుపత్రిలో కూడా ఇవ్వదగిన మందు. ఇక్కడ ఇవ్వలేదు. పెద్దాసుపత్రిలో బి.పి. 80 ఉన్న మనిషిని సి.టి. స్కాను గదికి పంపడం మరొక పొరపాటు. మంచం దగ్గరే కొద్ది నిమిషాలలో అల్ట్రాసౌండు చేసి కడుపులో రక్తం ఉందో లేదో చూడవచ్చు.

మూడవ ప్రశ్న: సమయం ఎక్కడ పోయింది? ప్రమాదం నుండి థియేటరు వరకు 4 గంటల 55 నిమిషాలు. అందులో రోడ్డుపై నుండి మొదటి ఆసుపత్రికి 25 నిమిషాలు, అక్కడ 65 నిమిషాలు, ప్రయాణం 70 నిమిషాలు, పెద్దాసుపత్రిలో థియేటరు చేరేవరకు 135 నిమిషాలు. అన్నిటికంటే ఎక్కువ సమయం పోయింది ఆసుపత్రి గోడల లోపలే. ఈ లెక్క వేయకపోతే అందరూ "ఆలస్యంగా తెచ్చారు" అని బంధువులనే అనేవారు. బంధువులు కూడా జీవితాంతం అదే నమ్మేవారు.

తీర్పు నాలుగు రకాలు

చివరికి ప్రతి మరణాన్నీ నాలుగింటిలో ఒక రకంగా గుర్తిస్తారు.

1. తప్పించదగినది – గాయాలు బతకగలిగినవి, చికిత్సలో లోపం వల్లనే ప్రాణం పోయింది.
2. బహుశా తప్పించదగినది – గాయాలు తీవ్రమైనవి, అయినా మెరుగైన చికిత్స అందితే బతికే అవకాశం ఉండేది.
3. తప్పించలేనిది – ఎంత మంచి చికిత్స చేసినా ప్రాణం దక్కని గాయాలు.
4. తప్పించలేనిదే కానీ, చికిత్సలో సరిదిద్దుకోవలసినవి ఉన్నాయి.

మన ఉదాహరణ మొదటి రకానికి చెందుతుంది.

ఈ పద్ధతికీ పరిమితులు ఉన్నాయి. జరిగిపోయాక చూస్తే అన్నీ స్పష్టంగానే కనిపిస్తాయి. ఆ రాత్రి, ఆ రద్దీలో, ఒక్క డ్యూటీ డాక్టరు ముగ్గురు రోగులను చూస్తున్నప్పుడు అలా కనిపించదు. ఒకే కేసును ఇద్దరు నిపుణులు వేరువేరుగా తీర్పు చెప్పడమూ ఉంది. అందుకే ఒక్కరు కాకుండా బృందం కూర్చోవాలి. చికిత్స చేసిన డాక్టరే తన కేసుపై తీర్పు చెప్పకూడదు. పోస్టుమార్టం నివేదిక ఉంటే జవాబు మరింత నమ్మకంగా వస్తుంది. రోడ్డు ప్రమాద మరణాలలో ఆ నివేదిక పోలీసులకు వెళుతుంది. దాని ప్రతిని చికిత్స చేసిన ఆసుపత్రి కూడా తెప్పించుకుని చదివితే, లోపల దాగిన గాయాలు తెలుస్తాయి.

తప్పు ఎవరిది అని ఎందుకు అడగరు?

చాలామందికి ఇక్కడ అనుమానం వస్తుంది. "పేర్లు చెప్పకపోతే తప్పు చేసినవారిని కాపాడినట్లే కదా?"

ఒక ఆసుపత్రిలో మరణం జరిగిన ప్రతిసారీ ఒక నర్సమ్మనో, జూనియర్ డాక్టరునో నిందిస్తే ఏమవుతుంది? తరువాతి కేసు షీటులో సమయాలు సరిగా రాయరు. పొరపాటు జరిగితే పైకి చెప్పరు. మన ఉదాహరణలో డ్యూటీ డాక్టరును మార్చినా, మంచం పక్కన అల్ట్రాసౌండు లేకపోతే కొత్తగా వచ్చిన డాక్టరు కూడా సి.టి.కే పంపుతారు. బ్లడ్ బ్యాంకులో రక్తం లేకపోతే ఆయనా బంధువులనే బయటికి పంపుతారు. పొరపాటుకు దారి ఇచ్చిన ఏర్పాటును సరిచేయాలన్నది సమీక్ష ఉద్దేశం.

ఇది పోలీసు విచారణ కాదు, కోర్టు కేసు కాదు. నిర్లక్ష్యం జరిగిందని కుటుంబానికి నమ్మకం ఉంటే చట్టప్రకారం వెళ్ళే దారులు వేరే ఉన్నాయి, వాటికి ఈ సమీక్ష అడ్డు కాదు. రోగి కేసు రికార్డులు అడిగితే 72 గంటల లోపు ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతున్నది. ఈ విషయం చాలా కుటుంబాలకు తెలియదు.

సమావేశం ముగిశాక అసలు పని

మాట్లాడుకుని టీ తాగి లేచిపోతే సమీక్ష వల్ల ప్రయోజనం లేదు. ప్రతి లోపానికీ ఒక పని, ఆ పనికి ఒక బాధ్యుడు, ఒక గడువు రాసుకోవాలి. మన ఉదాహరణలో అవి ఇలా ఉండవచ్చు.

– రోగిని పంపే ఆసుపత్రి ముందుగా ఫోన్ చేయాలి, నాడి, బి.పి., ఇచ్చిన మందులు ఒక కాగితంపై రాసి పంపాలి.
– కడుపుకో ఛాతీకో దెబ్బ తగిలి నాడి 120 దాటితే, బి.పి. ఎంత ఉన్నా సర్జన్‌ను పిలవాలి.
– క్యాజువాలిటీలోనే అల్ట్రాసౌండు అందుబాటులో ఉంచాలి.
– అత్యవసరానికి ఓ గ్రూపు రక్తం కొన్ని సంచులు ఎప్పుడూ నిల్వ ఉండాలి.

మూడు నెలల తరువాత మళ్ళీ చూడాలి. ఫోన్లు వస్తున్నాయా? థియేటరు చేరడానికి పట్టే సమయం తగ్గిందా? తగ్గకపోతే ఎందుకు తగ్గలేదు? ఈ రెండవ పరిశీలనే చాలాచోట్ల జరగదు. అది జరిగిన చోటనే మరణాలు తగ్గుతాయి.

మనం ఏమి చేయగలం?

తప్పించదగిన మరణాల గొలుసులో మొదటి కడియాలు రోడ్డు మీద, మన చేతుల్లో ఉన్నాయి. కింది విషయాలు ఇంటిల్లిపాదీ తెలుసుకోండి.

1. వెంటనే 108కి ఫోన్ చేయండి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఈ సేవ నేడు పల్లెలకు కూడా అందుతున్నది. తీవ్రమైన గాయాలైతే ఆపరేషన్, రక్తం రెండూ ఉన్న ఆసుపత్రికి చేర్చమని అడగండి.

2. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. మాటిమాటికీ తీసి చూడకండి. లోపల గుచ్చుకున్న వస్తువును లాగకండి.

3. స్పృహలేని మనిషి వెల్లకిలా ఉంటే నాలుక వెనక్కి జారి, వాంతి గొంతులో చేరి ఊపిరి ఆగవచ్చు. తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా ఇద్దరు ముగ్గురు కలిసి నెమ్మదిగా పక్కకు తిప్పండి.

4. నీళ్ళు, సోడా, టీ తాగించకండి.

5. తలకు దెబ్బ తగిలి కాసేపు స్పృహ తప్పి, తరువాత బాగానే మాట్లాడుతున్నా ఇంటికి తీసుకెళ్ళకండి. పుర్రె లోపల రక్తం నెమ్మదిగా గడ్డకట్టవచ్చు. మత్తు, వాంతులు, తలనొప్పి పెరగడం ప్రమాద సూచనలు.

6. సమయాలు గుర్తుపెట్టుకోండి. ప్రమాదం ఎప్పుడు జరిగింది, ఎప్పుడు మాట్లాడాడు, ఎప్పుడు స్పృహ తప్పాడు, ఎక్కడ ఏ ఇంజెక్షన్ ఇచ్చారు – ఇవి ఆసుపత్రిలో చెప్పండి. బతికించడానికీ, తరువాత సమీక్షకూ ఇవే ఆధారం.

7. సాయం చేయడానికి భయపడకండి. 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షన్ సాయపడినవారికి రక్షణ ఇస్తున్నాయి. మీ పేరు, చిరునామా చెప్పమని ఎవరూ బలవంతం చేయకూడదు.

8. డబ్బు లేదని ఆగకండి. 2025 మేలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు నిర్దేశిత ఆసుపత్రులలో 7 రోజుల వరకు, లక్షా యాభై వేల రూపాయల వరకు నగదు లేకుండా చికిత్స లభిస్తుంది.

9. అవసరం వచ్చే వరకు ఆగకుండా రక్తదానం చేయండి. మన ఉదాహరణలో రక్తం కోసం పోయిన 45 నిమిషాలను ఏ డాక్టరూ ఆదా చేయలేరు. ముందుగానే రక్తం ఇచ్చినవారు మాత్రమే ఆదా చేయగలరు.

చివరిగా ఒక మాట

ఇంటి మనిషిని పోగొట్టుకున్నవారితో ఈ విషయాలు మాట్లాడడం కష్టం. కొన్ని వారాలో నెలలో గడిచాక ఆసుపత్రి వారు ఫోన్ చేసి, "ఆ రోజు ఏమి జరిగిందో మీకు గుర్తున్నంతవరకు చెప్పగలరా?" అని అడిగితే కోపం రావడం సహజమే. వీలైతే చెప్పండి. మొదటి ఆసుపత్రిలో ఎంతసేపు ఉంచారో, ఆటో ఎక్కడ ఆగిందో మీకు తప్ప ఎవరికీ తెలియదు. మీరు కూడా అడగండి. "మా అబ్బాయి దక్కేవాడా?" అన్న ప్రశ్నకు నిజమైన జవాబు పొందే హక్కు మీకు ఉంది. కొన్నిసార్లు ఆ జవాబు "లేదమ్మా, ఎవరూ కాపాడలేని గాయాలవి" అని వస్తుంది. ఏళ్ళ తరబడి తమను తాము నిందించుకుంటున్న తల్లిదండ్రులకు ఆ మాట కొంత ఊరట. కొన్నిసార్లు "అవునమ్మా, దక్కి ఉండేవాడు" అని వస్తుంది. అది చెప్పడం వైద్యులకు కష్టం, వినడం తల్లికి మరింత కష్టం. అయినా ఆ మాటను దాచకుండా చెప్పి, "ఇదిగో, అప్పటినుండి మేము ఇది మార్చుకున్నాం" అని చూపగలిగిన ఆసుపత్రిలోనే తరువాత వచ్చే బిడ్డకు బతికే అవకాశం పెరుగుతుంది.